మ్యాక్ కొనవలెనా, విండోసు కొనవలెనా?

ఇంటికి ఒక్క కంప్యూటరు మాత్రమే కొనగల తలిదండ్రులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యిది. 1984లో వెలువడిన మ్యాకింతోషునకు యంత్రమును, దానిని నడపు వ్యవస్థయు ఆపిల్ వారివే. 1985లో మైక్రోసాఫ్టు వారు వెలువరించిన విండోసో, పలు కంపెనీల యంత్రములపై నడచును. కావుననే పలు వెలలలో దొరకును.

చిత్రముల కూర్పునకు మ్యాక్ మేలని మా తలంపు. అయినను దుకాణపు లెక్కల ట్యాలీ దానిపై నేరుగా నడువదు. తెలుగు అచ్చుపనివా రెఱిగిన అను స్క్రిప్టు సైతము విండోసు కొఱకు చేసినదే. 2020 నుండి వచ్చిన ఆపిల్ చిప్పుల మ్యాకులలో విండోసును పూర్వమువలె విడిగా నెక్కించుకొనుటకును వీలులేదు. మ్యాక్‌బుక్కున మెమొరీని పిదప పెంచలేము, కొనునాడే చూచుకొనవలెను.

పాత విండోసు యంత్రము చౌకగా దొరకిన సంతోషమే. కాని విండోసు 10కి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోసు 11 దానిపై నడచునో లేదో తెలిసికొని, ఆ పిమ్మట రూకలు చెల్లింపుడు.