వంగే టచ్‌కి ప్లాస్టిక్ వైరింగ్: పెడాట్-పీఎస్ఎస్ ఎంతవరకు పనికొస్తుంది?

పోయినేడాది నా ఫోన్ చేయి జారి కింద పడింది. గాజు మీద ఒక్కటే సన్నని గీత. డిస్‌ప్లే బ్రహ్మాండంగా వెలుగుతోంది, కానీ ఆ గీత వెంబడి టచ్ మాత్రం పోయింది. కారణం, టచ్ సెన్సర్లలో ఎక్కువగా వాడే ఇండియం టిన్ ఆక్సైడ్ పొర. అది పారదర్శకం, కరెంట్‌ని బాగా పోనిస్తుంది, కానీ పెళుసు. ఎక్కువ వంచితే పగుళ్లిస్తుంది.

మరి ప్లాస్టిక్‌లోనే కరెంట్ పారితే? పారుతుందని 1977లోనే తేలింది. దానికే 2000లో హీగర్, మెక్‌డియార్మిడ్, షిరకావాలకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఈ రంగంలో పెద్ద పేరు పెడాట్-పీఎస్ఎస్.

ఇది రెండు పాలిమర్ల బ్లెండ్. కరెంట్ మోసేది పెడాట్, కానీ అది నీళ్లలో కరగదు. పీఎస్ఎస్ దాన్ని నీళ్లలో నిలబెడుతుంది, కానీ తను కరెంట్ మోయదు. రెండూ కలిస్తే ముదురు నీలం సిరా తయారవుతుంది. ప్లాస్టిక్ షీటు మీద పల్చగా పూసి ఆరబెడితే ఫిల్మ్ రెడీ.

అసలు మజా ఇక్కడే ఉంది. ఆరిన ఫిల్మ్‌లో పెడాట్ చిన్న చిన్న దీవుల్లా ఉంటుంది, చుట్టూ పీఎస్ఎస్ గోడలు. కరెంట్ ఒక దీవి నుంచి ఇంకో దీవికి దూకుతూ పోవాలి. అందుకే మామూలు ఫిల్మ్ వాహకత సెంటీమీటర్‌కి 1 సీమెన్స్ లోపే. అదే సిరాలో కాస్త డీఎంఎస్ఓ ద్రావకం కలిపితే వందల్లోకి వెళ్తుంది! కొత్తగా లోహమేమీ కలపలేదు. ఉన్న దీవులే సర్దుకుని, ఒకదానికొకటి దగ్గరయ్యాయి, అంతే. అంటే ఇక్కడ ఏ పదార్థం వాడామన్నది ఎంత ముఖ్యమో, అది ఎలా సర్దుకుందన్నదీ అంతే ముఖ్యం.

ప్లస్‌లు: వంగుతుంది, సిరాలా ప్రింట్ చేయొచ్చు.

మైనస్‌లు: పీఎస్ఎస్ తేమని పీల్చుకుంటుంది, దాంతో ఫిల్మ్ ఉబ్బి నిరోధం మారిపోతుంది. విశాఖ ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు. పైగా వాహకత కోసం మందంగా పూస్తే నీలి ఛాయ వస్తుంది.

నా తీర్పు: ఐటీఓని పూర్తిగా పక్కన పెట్టేంత సీన్ దీనికి ఇంకా లేదు. కానీ వంగే సెన్సర్లకి మంచి క్యాండిడేట్. రేపు ఎవరైనా "లక్షసార్లు మడిచినా పగలదు" అని ఊదరగొడితే, ఒక్క ప్రశ్న అడగండి: తేమలో ఉంచి అన్నిసార్లు మడిచాక నిరోధం ఎంత పెరిగింది?