రోగి ఆత్మహత్య – అధికారిక విచారణ – మనోవైద్యుల స్థితి

చికిత్సలో ఉన్న రోగి ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి కలిగే దుఃఖాన్ని లోకం గుర్తిస్తుంది. ఆ రోగికి చికిత్స చేసిన మనోవైద్యుని దుఃఖానికి అటువంటి గుర్తింపు తక్కువ. లోకం దృష్టిలో ఆయన ముందుగా జవాబు చెప్పవలసినవాడు.

ఈ విషయంలో తరచుగా ఉదహరించే అధ్యయనం డేవిడ్ అలెగ్జాండర్ బృందానిది. స్కాట్లండ్‌లోని కన్సల్టెంట్ మనోవైద్యులపై జరిపిన ఈ పరిశీలన 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. సమాధానమిచ్చిన 247 మందిలో 167 మంది తమ రోగిని ఈ విధంగా కోల్పోయినవారే. వీరిలో మూడోవంతు మందిని దిగులు, నిద్రలేమి, చిరాకు వంటివి వ్యక్తిగత జీవితంలోనూ వెంటాడాయి. సుమారు 15 శాతం మంది ముందస్తు పదవీ విరమణను గురించి ఆలోచించారు. ఊరట ఎక్కడ లభించిందన్న ప్రశ్నకు వచ్చిన సమాధానం గమనార్హం. సహోద్యోగులు, కుటుంబసభ్యులు ఆదుకున్నారు. బృందంగా కేసును సమీక్షించుకోవడం మేలు చేసింది. న్యాయపరమైన, క్రమశిక్షణాపరమైన చర్యలు మాత్రం ఉపకరించలేదు. జరిగినదాన్ని తిరిగి తరచి చూడటమే వైద్యులకు భారం కాదని, ఎవరి ముందు, ఏ ఉద్దేశంతో చూస్తున్నారన్నదే ముఖ్యమని దీన్నిబట్టి భావించవచ్చు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇటువంటి మరణంపై కరోనర్ విచారణ జరుపుతారు. (స్కాట్లండ్‌లో కరోనర్ వ్యవస్థ లేదు, అక్కడ ఈ బాధ్యత ప్రొక్యురేటర్ ఫిస్కల్‌ది.) ‘ఇన్‌క్వెస్ట్’ను తెలుగులో ‘శవ పంచనామా’ అనడం పరిపాటి. మన పోలీసులు సాక్షుల సమక్షంలో మృతదేహాన్ని పరిశీలించి నివేదిక రాసే ప్రక్రియకు ఆ మాట సరిపోతుంది గాని, బహిరంగంగా సాగే కరోనర్ విచారణకు సరిపోదు. అక్కడ సాక్ష్యానికి పిలుపు వస్తే వైద్యుడు ప్రమాణం చేసి, మృతుని కుటుంబం ఎదుట, తాను రాసిన కేసు నోట్సుకు వివరణ ఇవ్వాలి. 2009 నాటి చట్టం ప్రకారం మరణించినది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవే ప్రధాన ప్రశ్నలు. పేరు పెట్టి ఒకరిపై నేరబాధ్యతను గాని, సివిల్ బాధ్యతను గాని నిర్ణయించే తీర్పు ఇవ్వరాదు. అయినా ‘ఎలా’ అన్న ప్రశ్న వైద్యుని చెవిలో ‘నువ్వేం చేశావు’ అన్నట్లే పడుతుంది. ఫలితం తెలిసిన తరువాత వెనుకనుంచి చదివితే ప్రతి నోట్సు ఒక హెచ్చరికలా కనిపిస్తుంది. రాసిన నాడు అది అనేక సందేహాలలో ఒకటి మాత్రమే.

ఆత్మహత్య అనంతరం మిగిలినవారికి అందించే ఆసరాకు ఎడ్విన్ ష్నైడ్‌మన్ ‘పోస్ట్‌వెన్షన్’ అని పేరు పెట్టాడు. వైద్యుల విషయంలో దాని రూపం నిరాడంబరమైనదే: విచారణను లోగడ ఎదుర్కొన్న సీనియర్ పక్కన ఉండటం, వాంగ్మూలం రాయడంలో సహాయం, కొంతకాలం పనిభారం తగ్గింపు. తప్పిదం జరిగినప్పుడు నలిగే వైద్యులను ఆల్బర్ట్ వూ 2000లోనే ‘రెండవ బాధితులు’ అన్నాడు. ఆ మాటను విడిచిపెట్టాలని రోగుల పక్షాన తరువాత వాదన వచ్చింది. అందులో న్యాయముంది. బాధితులన్న మాట కుటుంబాలకే చెందినా, వైద్యుని దుఃఖానికి తగిన పేరు ఇంకా కావలసే ఉంది.