మాఘపు చలి – పైరులు, పశువులు, గృహిణి

శివరాత్రికి చలి శివశివా యనుచు పోవునని పెద్దల మాట. పోవుట నిజమే గాని, అది యూరక పోదు. పుష్యమాసము చివర మొదలుకొని ఫాల్గునము వరకు గల కాలము పట్టణవాసులకు మిక్కిలి హాయియైనది. పగలు వెచ్చని యెండ, రాత్రి దుప్పటి. అంతకు మించి వారికి దానితో పని లేదు. పల్లెలోని గృహిణికో, సంవత్సరమంతటిలోను మిక్కిలి జాగరూకతతో గడపవలసిన దినము లివియే. మడిలో నారు, చేనిలో మిరపపండు, తోటలో మామిడిపూత, కొట్టములో లేగదూడ, గంపక్రింద కోడిపిల్లలు – ఇవి యన్నియు నొక్కమారే ఆమె చేతికి వచ్చును. చలియు నప్పుడే వాటిని తాకును.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలను చూడుడు. ఇవి చాలవరకు పూర్వపు వరంగల్లు జిల్లాలోనివే. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వేరు జిల్లాలైనవి. జనగామ మెట్టప్రాంతము. అచ్చట చెరువులు, బావులు, గోదావరినుండి దేవాదుల యెత్తిపోతలద్వారా వచ్చు నీరు సేద్యమునకు ఆధారము. గొఱ్ఱెల మందలును పాడియు పెక్కు కుటుంబములకు జీవనము. మహబూబాబాదును జనులు మానుకోట యందురు. మిరప, పసుపు, మొక్కజొన్న, ప్రత్తి అచ్చటి పంటలు. భూపాలపల్లి అడవులకును బొగ్గుగనులకును పేరుపడినది. గోదావరి దానిని ఒరసికొని పాఱును. నేలలు వేరు, పంటలు వేరు. అయినను మాఘమాసమున మూడింటిలోని స్త్రీల చింత యొక్కటే.

ఐరోపాలోని కొన్ని దేశములలో వసంతారంభమున మంచు గడ్డకట్టు రాత్రులందు ద్రాక్షతోటల నడుమ వందలకొలది దివ్వెలు వెలిగించి చిగుళ్ళను కాపాడుకొందురు. మన సీమలో నీరు గడ్డకట్టునంతటి చలి లేదు. మనకు హాని చేయునవి చలితో కూడివచ్చు మూడు సంగతులు: రాత్రి తడి, పగటి మబ్బు, అకస్మాత్తుగా పడు వడగండ్లు. మొదటి రెండింటికిని గృహిణి చేతిలోనే కొంత యుపాయము కలదు. మూడవదానిని ఆపు శక్తి యెవరికిని లేదు; దానికి వేరు విధమైన సిద్ధపాటు కావలెను.

వరినారు

మబ్బులేని రాత్రి భూమి తన పగటి వేడినంతయు ఆకాశమునకు విడిచి చల్లబడును. చల్లని గాలి బరువైనది గనుక పల్లపు మళ్ళలో దిగి నిలుచును. అందుచేతనే యొకే యూరిలో మిట్టమీది నారు పచ్చగా నుండగా పల్లములోని నారు పసుపువన్నె తిరుగును. రాత్రి వేడిమి 12 డిగ్రీలకు దిగినచో యాసంగి నారు ఎదుగుట మానును. ఆకుల కొనలు తుప్పు పట్టినట్లగును. వేళ్ళు నేలనుండి జింకు ధాతువును పీల్చుకొనలేకపోవుటయు దీనికి కొంత కారణము.

దీనికి ఖర్చులేని చికిత్స యొకటి కలదు. రాత్రి నిలిచి చల్లబడిన నీటిని ఉదయముననే తీసివేసి, క్రొత్తనీరు పెట్టవలెను. బావినీరు ఈ దినములలో కొంచెము వెచ్చగా నుండును గనుక అది మేలు. సాయంకాలము నారుమడిపై కఱ్ఱలు నాటి, వాటిపై ప్లాస్టికు పట్టా గాని గోనెలు గాని కప్పి, తెల్లవారిన పిమ్మట తీసివేసినచో మరింత రక్షణ. నారు పాలిపోయినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి చల్లుదురు. చలికి తాళునట్టి తెల్లహంసవంటి వరివంగడములును మన రాజేంద్రనగరమున పుట్టినవే. పసుపురంగు చూడగానే యూరియా బస్తా విప్పుట మాత్రము తగదు. చలి పట్టిన వేరు దానిని తీసికొనలేదు.

మిరపచేను, కల్లము

మిరపకాయ యొక్కమారుగా చేతికి వచ్చు పంట కాదు. జనవరి మొదలు మార్చి వరకు మూడు నాలుగు మార్లు పండు ఏరవలెను. ఏరువారందరును దాదాపు స్త్రీలే. మంచు ఆరకముందే చేనిలో దిగి ఏరిన కాయ తడితో కుప్పబడి, లోపల వేడెక్కి, రంగు చెడును. అట్టి తెల్లబారిన కాయనే తాలుకాయ యందురు. వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టులో తాలుకాయకు వచ్చు ధర మంచి యెఱ్ఱకాయ ధరలో ఎంతయో తక్కువ. కనుక పొద్దెక్కిన పిదప ఏరుటయు, వట్టి నేలమీద గాక పరదాలమీద పలుచగా ఎండబోయుటయు, సాయంకాలము మంచుపడకముందే కుప్పచేసి కప్పుటయు, మరునాడు మరల విప్పుటయు తప్పవు. ఈ చాకిరి పది దినములైనను ఉండును. తేమ నూటికి పది, పదునొకండు పాళ్ళకు దిగినగాని నిలువకు పనికిరాదు. తడి మిగిలినచో బూజు పట్టి, దానిలో అఫ్లాటాక్సిను అను విషము పుట్టును. అది తినువారి కాలేయమునకు చేటు. మన యింటి కారపు డబ్బాకును కల్లములోని తడికిని ఇంత దగ్గరి చుట్టఱిక మున్నది.

ఈ మిరపకు ఇటీవల మరియొక శత్రువు దాపురించినది. నల్లతామరపురుగు అను నల్లని సూక్ష్మకీటకము ఆగ్నేయాసియా దేశములది. మన దేశమున 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిపై మొదట కనుగొనబడెను. 2021వ సంవత్సరాంతమున తెలుగునాట మిరపతోటలపై దండువలె పడెను. పూవులో దాగి పూతను రాల్చుట దాని స్వభావము. భయముతో దినము విడిచి దినము మందులు చల్లినవారికి అప్పు పెరిగినదే గాని పురుగు తగ్గలేదు. దానిని తిను మిత్రపురుగులు నశించుటయే ఫలితము. నీలిరంగు జిగురుటట్టలు కట్టి, పురుగు జాడను ముందుగా పసికట్టి, అధికారుల సలహాపై మితముగా మందు వాడుట మేలు. మహబూబాబాదు జిల్లా మల్యాలలో ఉద్యాన పరిశోధనస్థానమును కృషివిజ్ఞానకేంద్రమును కలవు. అచ్చట అడుగుటకు స్త్రీలు సంకోచింప నక్కరలేదు.

మామిడిపూతకును మబ్బే శత్రువు. మంచు, మబ్బు కలిసిన దినములలో పూతపై బూడిద తెగులు వ్యాపించును. తేనెమంచు పురుగు రసము పీల్చి ఆకులను జిగటచేయును. ఉగాది పచ్చడికి పిందె కావలెనన్న మాఘమునందే చెట్టువంక చూడవలెను.

కొట్టము, దొడ్డి

ఇక మూగజీవములు. శీతకాలమున ఈనిన గేదెకును దూడకును మొదటి గడియలే ప్రాణప్రదములు. దూడను పొడిగుడ్డతో తుడిచి, ఎండుగడ్డిపై పరుండబెట్టి, బొడ్డునకు అయోడిను పూసి, గంట రెండు గంటలలోపల ముఱ్ఱుపాలు త్రాగింపవలెను. దూడ తూనికలో పదవవంతు ముఱ్ఱుపాలు దానికి మొదటి దినమున అందవలెను. రోగముల నెదిరించు బలము దూడకు ఆ పాలవలననే వచ్చును. తరువాత ఎన్ని పాలు పోసినను ఆ లోటు తీరదు. జున్నుపై మనకు గల మక్కువ ఎరిగినదే. దూడ కడుపు నిండిన పిదప మిగిలినదే జున్నునకు వండుడు. జున్ను రుచికై దూడనోరు కట్టుట న్యాయము కాదు, లాభమును కాదు.

కొట్టమునకు ఉత్తరపు గాలి తగులు వైపున గోనెసంచులు కుట్టి తెర కట్టవలెను. అట్లని అన్ని ప్రక్కలను మూసి లోపల పొగపెట్టిన, పశువుకు దగ్గు పట్టును. రాత్రి మేపులో ఎండుగడ్డి కొంచెము ఎక్కువ వేసినచో, అది జీర్ణమగునపుడు పుట్టు వేడి పశువు శరీరమును కాచును. గాలికుంటు వ్యాధికి ఆరునెలల కొకమారు టీకా వేయింపవలెను. నోటిలో పుండ్లు, గిట్టలనడుమ చీము కనిపించిన పశువును వెంటనే వేరుచేయవలెను.

గొఱ్ఱెలను మేకలను మంచు ఆరకముందు మేతకు తోలరాదు. తడిగడ్డి కొనలకు ప్రాకియుండు పురుగుపిల్లలు వాటి కడుపులో చేరును. పారుడురోగమునకును బొబ్బరోగమునకును టీకాలు కలవు. కోడిపిల్లలకు గంప అడుగున వరిపొట్టు పఱచి, తడిసినదానిని దినదినము మార్చవలెను. కొక్కెర తెగులునకు మొదటి వారముననే కంటిలో చుక్కమందు వేయుదురు. పశువైద్యశాల దూరమైనచో, 2017లో తెలంగాణమున ప్రారంభమైన సంచార పశువైద్య వాహనమును 1962 అను సంఖ్యకు ఫోను చేసి పిలువవచ్చును.

వడగండ్లు

ఇంతవరకు చెప్పినవన్నియు మన చేతిలోనివి. ఇక చేతిలో లేనిది. చలి వెడలుచు ఎండ ముదురు దినములలో నేల వేడెక్కి గాలి పైకెగయును. బంగాళాఖాతమునుండి వచ్చిన తేమ ఆ గాలితో గూడ మీదికి పోయి, అచ్చటి మిక్కుటమగు చలికి గడ్డకట్టి, రాళ్ళవలె క్రింద పడును. వడగండ్లు సామాన్యమైనవి కావు. 1888వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన మొరాదాబాదు ప్రాంతమున పడిన వడగండ్లకు 246 మంది మరణించిరి.

మన సీమలో 2022వ సంవత్సరము జనవరి రెండవ వారమున, సంక్రాంతికి కొలది దినములు ముందు, నర్సంపేట, పరకాల, భూపాలపల్లి ప్రాంతములలో వడగండ్లు కురిసి మిరపతోటలను నేలమట్టము చేసెను. నల్లతామరకు మిగిలినది రాళ్ళవానకు పోయెను. మరుసటి యేడు, 2023 మార్చి మధ్యమున, మొక్కజొన్న, మిరప, వరి, మామిడి మరల దెబ్బతినెను. ఆ నెల 23వ తేదీన నాటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు మహబూబాబాదు జిల్లా రెడ్డికుంటతండా మొదలగు చోట్ల చేలను చూచి, ఎకరమునకు 10,000 రూపాయలు సాయము ప్రకటించిరి. కౌలుదారులను విడువవలదనియు చెప్పిరి. 2020 నుండి కొన్నియేండ్లు ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము ఈ రాష్ట్రమున అమలులో లేనందున, నష్టపడినవారికి ఆ సాయమే దిక్కయ్యెను.

పేరు లేని కష్టము

సోదరీమణులారా, అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. చేనిలో వంగినది స్త్రీ. కల్లము కాచినది స్త్రీ. దూడకు పాలు పట్టినది స్త్రీ. నష్టము వ్రాసికొనుటకు అధికారి వచ్చినపుడు ఆయన చూచునది పట్టాకాగితము. ఆ కాగితముపై స్త్రీ పేరు అరుదు. కౌలునకు చేసినదైనచో ఏ కాగితమును లేదు. 2018లో ప్రారంభమైన రైతుబంధు సాయము సైతము పట్టాదారునకే చేరినది గాని కౌలుదారునకు చేరలేదు. కౌలుదారులకు రుణార్హత పత్రములిచ్చు చట్టము 2011లోనే వచ్చినను, దాని నడిగి తీసికొన్నవారు కొలదిమందియే.

జనగామ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుభూమి సేద్యము చేసికొని, దొర మనుష్యులు పంట నెత్తుకొనిపో వచ్చినపుడు, సంఘమువారి తోడ్పాటుతో ధాన్యమును తన యింటికి చేర్చుకొన్నది. ఆమె 1985వ సంవత్సరమున కీర్తిశేషురాలైనది. తాను పండించినది తనదని చెప్పుటకు ఆమెకు నాడు ప్రాణమొడ్డవలసి వచ్చెను. నేడు మనకు అంత సాహస మక్కరలేదు. కొంచెము పట్టుదల చాలును.

కౌలుమాట నోటితో ముగింపక కాగితముమీద వ్రాయించుడు; అందులో ఇల్లాలి పేరును చేర్పించుడు. ఏ చేనిలో ఏ పైరు వేసినది విస్తరణాధికారి పుస్తకమున ఎక్కినదా యని అడుగుడు. రాళ్ళవాన వెలిసిన వెంటనే పడిన పైరును తొలగింపక ముందే చేతిఫోనుతో ఛాయాచిత్రములు తీసి యుంచుడు. నూటికి 33 పాళ్ళు నష్టమైనగాని ప్రకృతివైపరీత్యముల సాయము లెక్కకు రాదు గనుక ఆ ఋజువు అవసరము. పిడుగుపాటున పశువు చచ్చినచో పూడ్చుటకు ముందు పశువైద్యునిచే పరీక్షింపజేసి పత్రము పుచ్చుకొనుడు. ఉఱుములు వినబడగానే మందను చెట్టుక్రిందికి చేరనీయకుడు.

ఈ పనులలో నేదియు పెద్దది కాదు. ఉదయమున నారుమడి నీరు తీయుట యెట్టిదో, సాయంకాలము కల్లముపై పరదా కప్పుట యెట్టిదో, కాగితముపై పేరు వ్రాయించుకొనుటయు నట్టిదే. చలి శివరాత్రికి పోవును. కాగితముపై పేరు మాత్రము మనము వ్రాయించినగాని రాదు.