కారుకు మెరుగు పెట్టే యంత్రం – భ్రమణమా, పరిభ్రమణమా?

మీ ఇంట్లో బాగా వాడిన స్టీలు పళ్ళెం ఒకటి తీసుకుని, వెలుగుతున్న బల్బు కింద పట్టుకుని చూడండి. బల్బు ప్రతిబింబం చుట్టూ సన్నని గీతలు వలయాలుగా, సాలెగూడులా కనిపిస్తాయి. ఇప్పుడు పళ్ళాన్ని కొంచెం పక్కకు జరపండి. వలయాలు పళ్ళెంతో పాటు పోకుండా, బల్బు ప్రతిబింబం చుట్టూనే ఉండిపోతాయి! అంటే ఆ గీతలు నిజంగా గుండ్రంగా లేవన్నమాట. అవి అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉన్నాయి. వాటిలో కాంతి వచ్చే దిక్కుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి మన కంట పడతాయి. మిగిలినవి కనబడవు.

ఎండలో నిలిపిన నల్లకారు మీద కూడా ఇవే వలయాలు చూడవచ్చు. దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో తుడిస్తే, దుమ్ములోని ఇసుక రేణువులే గీతలు గీస్తాయి. నున్నని తలం మీద కాంతి క్రమంగా పరావర్తనం చెందుతుంది. గీతలు పడినచోట చెల్లాచెదురవుతుంది. కారు వెలవెలబోయినట్లు కనిపించేది అందుకే.

మెరుగు పెట్టడమంటే పైన ఏదో పూయడమని చాలామంది అనుకుంటారు. కాదు. మెరుగు పెట్టడమంటే అరగదీయడం! పాలిష్‌లో ఉండే అతిసన్నని గట్టి రేణువులు గీత అడుగు వరకూ చుట్టూ ఉన్న తలాన్ని అరగదీసి చదును చేస్తాయి.

ఎంత అరగదీయవచ్చు? ఇప్పటి కార్లకు రంగు మీద రంగులేని పారదర్శక పొర ఒకటి ఉంటుంది. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు! సూర్యుని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడేది ఈ పలుచని పొరే. మన గోరు అరిగితే మళ్ళీ పెరుగుతుంది. ఈ పొర పెరగదు. యంత్రం కొనేముందు గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి ఇదే.

ఈ యంత్రాలలో ముఖ్యమైనవి రెండు రకాలు. భూమి తన చుట్టూ తాను తిరగడం భ్రమణమనీ, సూర్యుని చుట్టూ తిరగడం పరిభ్రమణమనీ మీరు చదివే ఉంటారు. రోటరీ పాలిషర్‌లో స్పాంజి బిళ్ళకు భ్రమణం మాత్రమే ఉంటుంది, కుమ్మరి సారెలాగ. డ్యుయల్ యాక్షన్ పాలిషర్‌లో రెండూ ఉంటాయి. అయితే ఇక్కడ లెక్క తలకిందులు. భూమి ఒక్క పరిభ్రమణంలో సుమారు 365 భ్రమణాలు చేస్తే, ఈ బిళ్ళ ఒక్క భ్రమణం పూర్తి చేసేలోగా ఎన్నో చిన్న పరిభ్రమణాలు చేస్తుంది.

దీనివల్ల ఏమిటి తేడా? లెక్క వేద్దాం. 150 మిల్లీమీటర్ల వ్యాసం గల రోటరీ బిళ్ళ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకోండి. దాని చుట్టుకొలత సుమారు 0.47 మీటర్లు. సెకనుకు 33 చుట్లు. అంటే అంచు వేగం సెకనుకు దాదాపు 16 మీటర్లు, గంటకు 56 కిలోమీటర్లు! సరిగ్గా మధ్యలో వేగం సున్న. ఇక రెండో రకంలో కక్ష్య వ్యాసం 15 మిల్లీమీటర్లు, నిమిషానికి 4,000 పరిభ్రమణాలు అనుకుందాం. ఆ కదలిక వేగం సెకనుకు సుమారు 3 మీటర్లే. పైగా మధ్యలోనూ, అంచులోనూ అది ఒక్కటే. వేగం తగ్గితే ఘర్షణవల్ల పుట్టే వేడి కూడా తగ్గుతుంది. ఎక్కువ వేడి పుడితే పైపొర మెత్తబడి చెడిపోతుంది.

ఈ లెక్క నేను ఆలస్యంగా వేశాను. ఒకసారి రోటరీ యంత్రం అరువు తెచ్చి, మా బావగారి ఎర్రకారు బానెట్ అంచున పట్టాను. క్షణాల్లో బిళ్ళ ఎర్రబడింది. మురికి వదులుతోందని సంబరపడ్డాను. అది మురికి కాదు, కారు రంగు! పారదర్శక పొర అప్పటికే పోయింది. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది కదా. సన్నని అంచు మీద వైశాల్యం తక్కువ, కనుక పీడనం ఎక్కువ. ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతున్న పాఠాన్ని బానెట్ మీద నేనే మరిచాను. బావగారు ఒక్కమాట అనలేదు. బానెట్‌కు రంగు వేయించే ఖర్చు మాత్రం నేనే ఇచ్చాను.

నేర్పు గలవాని చేతిలో రోటరీ త్వరగా పని చేస్తుంది. ఇంట్లో కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం డ్యుయల్ యాక్షనే మేలు. అందులోనూ బిళ్ళ బేరింగు మీద స్వేచ్ఛగా తిరిగే రకం ఎంచుకోవాలి. గట్టిగా అదిమితే దాని భ్రమణం ఆగిపోతుంది. ఇది లోపం కాదు, రక్షణ. బిళ్ళను పట్టి ఉంచే పళ్ళెం అంచున సిరాతో ఒక గీత గీయండి. ఆ గీత చుట్టూ తిరుగుతూ కనిపిస్తే భ్రమణం ఉన్నట్టు, కనిపించకపోతే ఎక్కువగా అదిమినట్టు.

వేగాన్ని తగ్గించే, పెంచే మీట ఉండాలి. 125 మిల్లీమీటర్ల బిళ్ళ ఇంటి పనికి చాలు. వంపుల వద్ద చిన్న బిళ్ళ, చిన్న కక్ష్య అనుకూలం. ఇనుము కోసే గ్రైండరుకు స్పాంజి తగిలించి మాత్రం వాడకండి. దాని వేగం నిమిషానికి పదివేల చుట్ల పైమాటే!

ముందు కారును కడిగి, నీడలో చల్లబరచాలి. అంచులకు కాగితపు టేపు అంటించాలి. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పెద్దవాళ్ళు లేకుండా యంత్రం ముట్టవద్దు. అన్నిటికన్నా మెత్తని పాలిష్‌తో ముందు జానెడు చోట పరీక్షించి చూడాలి. గోరుకు తగిలేటంత లోతు గీతను అలాగే వదిలేయండి. దానికోసం అరగదీస్తే పొరే మిగలదు.

చివరగా మీకో లెక్క. 100 మిల్లీమీటర్ల బిళ్ళ గ్రైండరుకు తగిలి నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే అంచు వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు? జవాబు వచ్చాక, ఆ యంత్రాన్ని కారు మీద పెట్టాలో వద్దో మీరే చెప్పండి!