పక్క చేలో మందు కొడితే...

మా మేనమామకు పెదనందిపాడు దగ్గర రెండెకరాల మిరప తోట ఉంది. నవంబరులో ఒక పొద్దున ఆయన గట్టు మీద నిలబడి కొమ్మ చివరి ఆకు ఒకటి తెంపి వెనక్కి తిప్పాడు. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. నలభై ఏళ్లుగా ఆయన కళ్లకు తెలిసిన లెక్క ఇది. ఆకు చక్కగా విప్పుకుని ఉంది. నాలుగు పూలు అరచేతిలో దులిపాడు. ఏమీ రాలలేదు. "తోట శుభ్రంగా ఉందిరా" అన్నాడు.

మధ్యాహ్నానికి తూర్పు చేను రైతు స్ప్రేయరు భుజానికెత్తాడు. సాయంత్రానికి పడమటి చేలోనూ మోటారు మోత మొదలైంది. పొద్దుగూకే వేళ మామయ్య మళ్లీ అదే సాలులోకి వెళ్లి ఇంకో ఆకు తెంపి చాలాసేపు చూశాడు. "అంచు కొంచెం పైకి లేచినట్టు లేదూ?" అన్నాడు. అప్పటిదాకా నాకలా అనిపించలేదు. ఆయన అడిగాక చూస్తే లేచినట్టే ఉంది. మర్నాడు కొట్టు తెరవగానే రెండు డబ్బాలు తెచ్చాం.

1951లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ తన ప్రయోగం ప్రచురించాడు. కార్డు మీద గీతలు చూపించి ఏది దేనితో సమానమో చెప్పమనేవాడు. చిన్నపిల్లలు కూడా తప్పు చెప్పలేని ప్రశ్న అది. గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబిచ్చేవారు. ఆ ఒక్కరుగా కూర్చున్నవాళ్లలో నలుగురికి ముగ్గురు ఒక్కసారైనా ఆ తప్పుకు తలూపారు. తనకు నిజంగానే అలా కనిపించిందన్నవాళ్లూ కొందరున్నారు. మా మామయ్య ఆకు తిప్పి చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది వాళ్లే.

ఆయన్ని తప్పుపట్టలేను. 2021లో నల్ల తామర పురుగు పూతలో దూరి గుంటూరు మిరపను ఎట్లా తినేసిందో చూసినవాడు. అయితే ఈ మెట్టలో అంతకన్నా పాత గాయం ఒకటుంది. 1987లో పత్తికి సింథటిక్ పైరిత్రాయిడ్లను ఒకరిని చూసి ఒకరు, విడత మీద విడత కొట్టారు. మిత్రపురుగులు చచ్చాయి. తెల్లదోమ చేలను కమ్మేసింది. అప్పు తీర్చే దారి కనపడక ప్రకాశం జిల్లా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

ఒకరిని చూసి ఒకరు నడవడం ఎప్పుడూ చేటే కాదు. ఇదే పెదనందిపాడు ఫిర్కా 1922 జనవరిలో సర్కారుకు శిస్తు కట్టనంది. పర్వతనేని వీరయ్య చౌదరి ముందు నిలిచారు. కలెక్టరు వెనక సైన్యమున్నా, ఎవరు ఎంత బాకీయో రాసేది కరణం, వసూలు చేసేది మునసబు. వాళ్లు వరసగా రాజీనామాలిచ్చారు. ఆ ఉద్యోగాలు తాతల నుంచి మనవళ్లకు వచ్చేవి. ఒక్క సంతకంతో పుట్టబోయేవాళ్ల హక్కు కూడా పోతుంది. మొట్టమొదట ఆ కాగితం రాసిన మనిషి గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ రాత్రి ఆయన ఇంట్లో దీపం ఎంతసేపు వెలిగి ఉంటుందో! పక్కూరి మునసబుకు కనీసం చూపించుకోవడానికి ఒక పేరుంది. పదో ఊరికి వచ్చేసరికి రాజీనామా ఇవ్వకుండా కూర్చోవడమే కష్టమై ఉంటుంది. జప్తు సామాను వేలానికి పెడితే పాట పాడే మనిషి దొరకలేదు. చౌరీచౌరా హింస తర్వాత, ఫిబ్రవరిలో, గాంధీ మాట మీద పోరాటం ఆగింది. శిస్తు కట్టారు. ఆ కొద్ది వారాలు మాత్రం, కట్టక తప్పదనుకున్నది కట్టకుండానే తెల్లవారింది.

అయినా "ఊరంతా ఒక్కటైంది" అన్న మాట వింటే నాకు గుండె ఝల్లుమంటుంది. 1991లో చుండూరులో పెత్తందారీ కులాలూ ఒక్కటయ్యాయి. దళితులను పనిలోకి పిలవకుండా వెలివేశారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హతమయ్యారు. ఆష్ గదిలో పక్కన ఒక్కరు నిజం చెబితే చాలు, తప్పు జవాబులు నాలుగో వంతుకు పడిపోయాయి. వెలి పెట్టిన ఆ రోజుల్లో ఒక్క ఆసామి తన పాత కూలీని ఎప్పటిలా చేలోకి పిలిచి ఉంటే, చూసిన రెండో ఆసామి ఏం చేసేవాడు?

పక్కవాణ్ని కాక సొంత చేను చూసుకోవడం నేర్పే పొలంబడిలో రైతులు ఆకులు తిప్పి పురుగులనూ, వాటిని తినే మిత్రపురుగులనూ లెక్కపెట్టి చార్టు మీద బొమ్మలు వేస్తారు. సంక్రాంతికి నేను వెళ్లేసరికి మామయ్య దగ్గర ఒక భూతద్దం, మనవడి పాత నోటుపుస్తకం ఉన్నాయి. ఏ సాలులో ఎన్ని ఆకులు, ఎన్ని పురుగులు అని తారీఖు వేసి రాస్తున్నాడు. పక్క చేలో మోటారు మోగకముందే, పొద్దున్నే రాస్తాడట. ఆ రోజు గడిలో సున్నా ఉంది.

తూర్పు చేను రైతు గట్టెక్కి వచ్చాడు. "ఏం బావా, ఈసారి కొట్టవా?"

మామయ్య పుస్తకం అతని చేతిలో పెట్టి, భూతద్దం తీసుకుని అతని చేలోకి దిగాడు.