8 ఎక్కడ, 67.5 ఎక్కడ!

మామిడి కోతల కాలంలో నూజివీడు వైపు ఏ వైన్ షాపు ముందు నిలబడినా వినిపించే మాటలు రెండే: స్ట్రాంగు, కూలింగు. లైట్ బీరు అడిగినవాణ్ణి పక్కవాళ్లు ఓసారి ఎగాదిగా చూస్తారు. దేశమంతటా అంతే. మన దగ్గర అమ్ముడయ్యే బీరులో సింహభాగం స్ట్రాంగుదే. పెట్టిన డబ్బుకి కిక్కెంత అన్నదే ఇక్కడి లెక్క. ఆల్కహాలు 5 శాతం దాటితే స్ట్రాంగు. 8 దగ్గర చట్టం గీత గీసింది.

ఆ 8 శాతాన్ని చూస్తే స్కాట్లండ్ వాళ్లకు నవ్వొస్తుందేమో. అక్కడి బ్రూమైస్టర్ కంపెనీ 2013లో 'స్నేక్ వెనమ్' తెచ్చి సీసా మీద 67.5 శాతం అని రాసుకుంది. విస్కీ కూడా మామూలుగా 43 దగ్గర ఆగుతుంది! అంతకు మూడేళ్ల ముందు బ్రూడాగ్ అనే మరో స్కాట్లండ్ కంపెనీ 55 శాతం బీరు చేసి, సీసాలను చచ్చిన ఉడుతల, ముంగిసలాంటి జంతువుల చర్మాల్లో దూర్చి అమ్మింది. చేసినవి పన్నెండే సీసాలు. రికార్డు సంగతి సరే, తాగబుద్ధి ఎలా అయిందో!

ఇలాంటి బీర్లలో ప్రధానమైన కిటుకు ఫ్రీజరుది. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ఆల్కహాలు మైనస్ 114 దాకా కట్టదు. బీరును గడ్డకట్టించి మంచు తీసేస్తూ పోతే మిగిలేది ఘాటు. నన్నడిగితే ఇవి ఫ్రీజరు రికార్డులు, ఈస్టువి కావు. పులిసేకొద్దీ తాను చేసిన ఆల్కహాలే ఈస్టుకు విషమవుతుంది. మామూలు బీరు ఈస్టు 10, 12 శాతం దగ్గరే చతికిలబడుతుంది.

అందుకే నా ఓటు అమెరికాలోని శామ్యూల్ ఆడమ్స్ వాళ్ల 'యుటోపియాస్'కి. గడ్డకట్టించకుండా, గట్టి ఈస్టుతో, మేపుల్ చెట్టు పాకం కూడా పోసి 28 శాతం దాకా పులియబెట్టారు. నురగ రాదు, గ్యాసుండదు, చల్లబరచకుండా చిన్న గ్లాసులో చప్పరించాలి. మన కూలింగు బాబులకు అసలు నచ్చదు. ఓపికలో మాత్రం 'సామిక్లాస్' మేటి: 1979లో స్విట్జర్లాండ్‌లో పుట్టి, ఇప్పుడు ఆస్ట్రియాలో తయారవుతున్న ఈ 14 శాతం బీరును ఏటా డిసెంబరు 6నే కాస్తారు, నెలల తరబడి మాగబెడతారు.

వేగంలో మాత్రం మన తాటికల్లుకి ఏదీ సాటి రాదు. లొట్టి ఇంకా చెట్టు మీదుండగానే పులియడం మొదలవుతుంది.

మరి మన మామిడిపండ్లు, చిన్నరసాల్లాంటివి, పిండి పోస్తే బీరు స్ట్రాంగవుతుందా? పెద్దగా కాదు. 8 శాతం బీరు కాయడానికి పెట్టే మాల్టు రసంలో చక్కెర ఎంతుంటుందో పండు రసంలోనూ దాదాపు అంతే. చక్కెరతోపాటు నీళ్లూ దిగుతాయి. పెరిగేది వాసన. బీరుకు చేదునిచ్చే హాప్స్‌లోనూ మామిడిలోనూ మిర్సీన్ అనే ఒకే సువాసన ద్రవ్యం ఉండటంతో రెండూ చక్కగా కలుస్తాయి కూడా. ఇక బలమే కావాలంటే నీళ్లు ఇగిరిపోయి తీపి మిగిలిన మామిడి తాండ్ర ఉండనే ఉంది. లైసెన్సున్న బ్రూవరీ ఏదైనా ఆ పని చేస్తే రుచి చూడటానికి నేను సిద్ధం, కూలింగుతోనే.