పనివారి పెట్టె: ఎంపికలో గమనింపవలసిన విషయములు

మిరపతోటకు నీరు పెట్టవలసిన వేళ బోరుమోటారు ఆగిపోయినచో రైతు మొదట వెదకునది మెకానిక్కును. మెకానిక్కు వచ్చి మోటారు విప్పిన తరువాత వెదకునది తన పానాను. ఆ పానా చేతికందు చోట ఉన్నచో పని గంటలో ముగియవచ్చును. పెట్టె అడుగున ఎక్కడనో చిక్కుకొని ఉన్నచో, లేదా నిన్న పనిచేసిన ఊరిలోనే మిగిలిపోయి ఉన్నచో, రైతుకు ఒక తడి తప్పును. మెకానిక్కుకు ఆనాటి కూలి తప్పును. పనిముట్టు ఎంత ముఖ్యమో అది ఉండు చోటు కూడ అంత ముఖ్యమని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. ఈ కాలమున బజారులోనికి వచ్చిన, ఒకదానిపై ఒకటి అమరి గడియతో బిగియు పెట్టెలను గూర్చి, వానిని ఎన్నుకొను విధానమును గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచినాము.

గుంటూరు, ప్రకాశము ప్రాంతములలో ఊరూరు తిరిగి పనిచేయువారు అనేకులు కలరు. 1967 నుండి సాగరు కుడికాలువ నీరు అందుకొన్న ఊళ్లలోను, బోర్లనే నమ్ముకొన్న ఊళ్లలోను మోటార్లు, స్టార్టర్లు బాగుచేయువారు కావలెను. తైవాను స్ప్రేయర్లను సరిచేయువారు, జిన్నింగు మిల్లులలో ఫిట్టర్లు, గుంటూరు శీతల గిడ్డంగులలో యంత్రములు చూచువారు, ఇండ్లకు వైరింగు చేయువారు, వడ్రంగులు, కుళాయి పనివారు, వీరందరికి పనిచోటు ఒక్కటే కాదు. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుగా ఏర్పడినను, వీరి సంచారమునకు ఆ సరిహద్దులు అడ్డురాలేదు. ఉదయము సత్తెనపల్లిలో ఉన్న పనివాడు సాయంకాలమునకు చిలకలూరిపేటలో ఉండవచ్చును. వీరి దుకాణము వీరి మోటారుసైకిలు వెనుకనే ఉన్నది.

కొత్త పెట్టెల సూత్రము మన ఇండ్లలో అందరు ఎరిగినదే. టిఫిను క్యారియరును తలచుకొనుడు. గిన్నెలు వేరువేరు, అడుగు కొలత ఒక్కటే, అన్నిటిని కలిపి పట్టుకొను గడియ ఒక్కటి, పైన పిడి ఒక్కటి. ఇద్దరికి రెండు గిన్నెలు, నలుగురికి నాలుగు గిన్నెలు. కొత్తరకపు పనిముట్ల పెట్టెలు కూడ ఇట్టివే. ఎత్తులు వేరైనను అడుగు కొలత సమానముగా ఉండును. ఒక పెట్టె మూతపై మరియొక పెట్టె అడుగు అమరి, గడియ పడగానే అన్నియు ఒకే మూటయగును. ఆనాటి పనికి కావలసిన పెట్టెలను మాత్రము తీసికొనిపోయి, తక్కినవానిని ఇంట ఉంచవచ్చును. ఇదియే వీని ముఖ్య ప్రయోజనము.

ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది జర్మనీ దేశము. 1993లో అచ్చటి ఫెస్టూల్ సంస్థ సిస్టైనర్ అను పెట్టెలను బజారులో పెట్టినది. వాని అడుగు సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు. ఐరోపాలో సరకుల రవాణాకు వాడు 60, 40 సెంటీమీటర్ల కొలతలో ఇది సరిగా సగము. అందువలన బండిలో చోటు వృథాకాదు. తరువాత బాష్ సంస్థ ఎల్-బాక్స్ అను పేరుతోను, మకీటా సంస్థ మాక్‌ప్యాక్ అను పేరుతోను ఇట్టి పెట్టెలను తెచ్చినవి. అమెరికాలో మిల్వాకీ సంస్థ 2017లో ప్యాకౌట్ అను వరుసను ప్రవేశపెట్టినది. వీనిలో మాక్‌ప్యాక్ సిస్టైనరుతో కలియును. కాని సాధారణముగా ఒక సంస్థ గడియ మరియొక సంస్థ పెట్టెకు పట్టదు. నేడు ఒక పెట్టె కొన్నవాడు రేపు రెండవ పెట్టెకు అదే సంస్థను ఆశ్రయింపవలసి వచ్చును. కావున మొదటి పెట్టె కొనునపుడే, ఆ సంస్థ వస్తువులు మన ఊరి బజారులో దొరకునా, గడియ విరిగినచో గడియ మాత్రము విడిగా అమ్ముదురా అని అడిగి తెలిసికొనవలెను. గడియ దొరకని పెట్టె ఎంత గట్టిదైనను కొంతకాలమునకు త్రాటితో కట్టుకొను పెట్టెయే యగును.

టిఫిను క్యారియరు గుణమే కాదు, దాని దోషము కూడ ఈ పెట్టెలకు కలదు. అడుగు గిన్నె కావలెనన్నచో పైగిన్నెలన్నియు దింపవలెను. దినమునకు పదిసార్లు వాడు కటింగు ప్లేయరు అడుగు పెట్టెలో ఉన్నచో పనివాని కాలమంతయు పెట్టెలు ఎత్తుటకు దింపుటకు సరిపోవును. పనిముట్లు వెదకుటలో దినమునకు అరగంట పోయినచో, నెలకు 25 పనిదినములలో పన్నెండున్నర గంటలు పోయినట్లు. అది ఒక దినపు కూలికంటె ఎక్కువ. ఈ చిక్కునకు రెండు ఉపాయములు కలవు. నిత్యము వాడు వస్తువులను పిడిగల పైపెట్టెలో ఉంచుట ఒకటి. దొంతిని విప్పకుండ ముందువైపునకు లాగు సొరుగులుగల పెట్టెను అడుగున వాడుట రెండవది. సొరుగుపెట్టె బరువెక్కువ, వెల యెక్కువ. ఒకే చోట నెలల తరబడి పనిచేయు మిల్లు ఫిట్టరుకు అది తగును. ఊరూరు తిరుగు మోటారు మెకానిక్కుకు మొదటి ఉపాయమే మేలు.

ఇక మన ప్రాంతపు దుమ్మును, ఎండను లెక్కలోనికి తీసికొనవలెను. జిన్నింగు మిల్లులో గాలినిండ దూదిపోగులు తేలుచుండును. అవి గ్రీజు పూసిన పానాలకు అంటుకొని ముద్దలగును. నిప్పురవ్వ పడినచో వెంటనే అంటుకొనును. మిరప కల్లములలోను, టిక్కీలు దింపు యార్డులోను లేచు కారపు దుమ్ము మరియొక విధమైన బాధ. మిరపలోని ఘాటు పదార్థము నీటిలో సులభముగా కరగదు, నూనెలో కరగును. కావున నూనెజిడ్డు గల పనిముట్టు దానిని పట్టుకొనును. ఆ చేతితో కన్ను తుడుచుకొన్నవానికి ఫలితము చెప్పనక్కరలేదు. ఇట్టి చోట్ల పైన తెరచియుండు పళ్లెములకంటె, మూత అంచున రబ్బరు పట్టీగల పెట్టెలు మేలు. వీనిపై ఐపి అను గుర్తు, దాని ప్రక్క రెండంకెలు ఉండును. మొదటి అంకె దుమ్మునకు, రెండవది నీటికి సంబంధించినది. మొదటి అంకె 6 అయినచో దుమ్ము లోనికి చొరదు. 5 అయినచో కొంత చొరవచ్చును గాని పనికి హాని కలుగదు. రెండవ అంకె 5 అయినచో గొట్టముతో నీరు చిమ్మినను లోపలికి పోదు. 4 అయినచో వానజల్లులను మాత్రము తట్టుకొనును.

అయినను గాలి చొరని పెట్టె అన్నివేళల మంచిది కాదు. శీతల గిడ్డంగిలో పనిచేసి చల్లబడిన పనిముట్లను మిట్టమధ్యాహ్నపు గుంటూరు ఎండలోనికి తెచ్చినచో, వేడిగాలిలోని తేమ వానిపై చెమటవలె పట్టును. చల్లనీటి చెంబు వెలుపల నీటిబొట్లు నిలుచుట చూచుచునే ఉన్నాము. అట్టి తడి పనిముట్లను వెంటనే గట్టిమూతలో బిగించినచో తేమ బయటికి పోలేక ఇనుము త్రుప్పుపట్టును. బయటికి వచ్చినపుడు పెట్టెను కొంతసేపు మూసియే ఉంచి, లోపలి వస్తువుల చలి తగ్గిన తరువాత తెరచి, తుడిచి, ఆరనిచ్చి మూయవలెను. తేమ పీల్చు సిలికా జెల్లు పొట్లమొకటి లోపల వేయుట మంచిది. అమ్మోనియాతో నడచు గిడ్డంగులలో మరియొక జాగ్రత్త కలదు. తేమతో కలసిన అమ్మోనియా రాగిని, ఇత్తడిని తినివేయును. ఆ లోహముల వస్తువులను వేరు పెట్టెలో ఉంచుకొనవలెను. అమ్మోనియా వెలువడినపుడు ధరించు ముసుగును మాత్రము ఎన్నడును దొంతి అడుగున పెట్టరాదు.

ఇనుపపెట్టెయా, ప్లాస్టిక్కు పెట్టెయా అను ప్రశ్న సహజముగా కలుగును. అయిదరల ఇనుపపెట్టె ఖాళీగానే నాలుగైదు కిలోలు తూగవచ్చును. దానికి సొట్టపడునేగాని సులభముగా పగులదు. పగిలినను వెల్డింగు చేయువారు ప్రతి ఊరిలోను కలరు. ప్లాస్టిక్కు పెట్టె తేలిక, త్రుప్పు పట్టదు. కాని వీనిలో ఎక్కువగా వాడు పాలీప్రొపిలీను తగిన రక్షక పదార్థము కలుపనిచో ఎండకు పెళుసెక్కి పగులును. నల్లరంగు వేయుటకు కలుపు కార్బను ఆ ఎండను కొంత అడ్డగించును. కాని నల్లపెట్టె త్వరగా వేడెక్కును. బ్యాటరీతో నడచు డ్రిల్లు ఉన్నవారు దానిని మే నెల ఎండలో బండిపై వదలరాదు. వేడి బ్యాటరీ ఆయువును హరించును.

బండిపై మోయుట మరియొక పరీక్ష. మూడు పెట్టెల దొంతి పాతిక ముప్పది కిలోలు కావచ్చును. మోటారుసైకిలు వెనుక అంత బరువు ఎత్తుగా నిలచినచో మలుపులలో బండి తూలును. బరువైన వస్తువులు అడుగు పెట్టెలో, తేలికవి పైన ఉండవలెను. రెండు పెట్టెలకు మించి ఎత్తుగా కట్టరాదు. పెట్టెల గడియ పెట్టెలను పట్టుటకే గాని బండికి కట్టుటకు కాదు. అడుగు కొలతకు సరిపోవు ఇనుప చట్రమును చేయించి క్యారియరుకు బిగించి, పట్టీతో కట్టవలెను. చక్రములుగల పెట్టెలు సిమెంటు నేలపై హాయిగా నడచును. వాన కురిసిన నల్లరేగడిలో రెండడుగులకే బంక చక్రములను కరచుకొనును; అప్పుడు చక్రముల బరువు కూడ మోయవలసినదే. పొలములలో పనిచేయువారికి చక్రములకంటె గట్టి పిడి ముఖ్యము.

వేరుగా ఉంచవలసిన వస్తువులు కొన్ని కలవు. విద్యుత్తు పనికి వాడు ప్లేయర్లు, స్క్రూడ్రైవర్లు 1000 వోల్టుల గుర్తుతో తొడుగు గలవై ఉండును. వీనిని రంపములు, ఉలులు గల పెట్టెలో వేసినచో తొడుగు చీలును. ఆ చీలిక కంటికి కనబడనంత సన్ననిదైనను ప్రాణము తీయగలదు. స్ప్రేయర్లు బాగుచేయువారు విప్పిన నాజిళ్లు, గొట్టములు పురుగుమందు అంటినవై ఉండును. వానికి ప్రత్యేకముగా ఒక పెట్టె కేటాయించి గుర్తు వ్రాయవలెను. అన్నపు క్యారియరును ఆ దొంతిలో చేర్చరాదు. ఇంటిలో పిల్లలు ఉన్నచో తాళము వేయు వీలుగల పెట్టెనే కొనవలెను.

వెల సంగతి. పేరుపొందిన సంస్థల పూర్తి వరుస కొన్నచో, లోపలి పనిముట్లకంటె పెట్టెలకే ఎక్కువ సొమ్ము కావచ్చును. ఐటిఐ చదివి కొత్తగా పనిలో దిగిన యువకుడు అప్పుచేసి అట్టి వరుస కొనుట తగదని మా అభిప్రాయము. మొదట మంచి పానాలు, మంచి మీటరు; తరువాత పెట్టె. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వపు విశ్వకర్మ పథకమున పనిముట్లకై 15,000 రూపాయల వరకు సహాయము ఏర్పరచినారు. అందు పేర్కొన్న 18 వృత్తులలో వడ్రంగము, కమ్మరము, తాపీపని, తాళముల పని, కుట్టుపని మొదలగునవి కలవు. మోటారు మెకానిక్కు, ఎలక్ట్రీషియను పనులు ఆ పట్టికలో చేరలేదు. కావున ఈ ప్రాంతమున పొలములను, గిడ్డంగులను నడిపించు పనివారిలో పలువురు పెట్టెను సొంత సొమ్ముతోనే కొనవలసి ఉన్నది. అట్టివారికి కొలత సమానమైన గట్టి ప్లాస్టిక్కు ట్రేలు, వానికి తగిన ఇనుప చట్రము, పట్టీ చాల వరకు ఇదే ప్రయోజనము నిచ్చును.

కొనుటకు ముందు ఒక వారము చేయదగిన పని ఒకటి కలదు. ప్రతిదినము వాడిన పనిముట్ల పేర్లు ఒక కాగితముపై వ్రాసికొనవలెను. వారాంతమున వానిని మూడు కుప్పలు చేయవలెను: నిత్యము వాడునవి, రెండు మూడుమార్లు వాడినవి, అసలు వాడనివి. మొదటి కుప్ప పట్టునంత పైపెట్టె, రెండవ కుప్పకు క్రిందిపెట్టె కొనినచో చాలును. మూడవ కుప్ప ఇంటిలోని పాత పెట్టెలో ఉండవచ్చును. అంగడిలో ఖాళీపెట్టెను చూచి మురియక, తన పనిముట్లను వెంట తీసికొనిపోయి అందులో వేసి, దొంతిని పిడితో ఎత్తి, గడియను ఇరువదిమార్లు వేసి తీసి చూడవలెను.

పెట్టె ఇంటికి వచ్చిన తరువాత ప్రతి పనిముట్టునకు ఒక స్థానము ఏర్పరచి, అడుగున దాని ఆకారమును గీసి ఉంచినచో, పని ముగిసినపుడు ఖాళీగా ఉన్న గీతయే ఏది మరచితిమో చెప్పును. మన పనివారు దసరాకు ఆయుధపూజ చేయు ఆచారము కలదు. ఆనాడు పనిముట్లను కడిగి బొట్టుపెట్టుటతోపాటు, వానిని లెక్కించి, విరిగిన గడియలను, చీలిన తొడుగులను గుర్తించి మార్పించుకొన్నచో, పత్తితీత, మిరపకోత పనులు ముమ్మరమగు నాటికి పెట్టె సిద్ధముగా ఉండును.